ఇంటర్వ్యూ తర్వాతి మౌనం: అవతల ఏం జరుగుతోంది, మనం ఎప్పుడు ఏం రాయాలి

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. అడిగినవాటికి చాలామటుకు జవాబులు చెప్పారు. లేచి వచ్చేటప్పుడు "మేమే చెప్తాం" అన్నారు. ఆ రోజు ఉత్సాహంగానే గడుస్తుంది. నాలుగో రోజు నుంచి ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడటం మొదలవుతుంది. పదో రోజు వచ్చేసరికి ఆ గదిలో అన్న ప్రతి మాటా తిరగేసుకుంటూ, ఎక్కడ చెడిందా అని వెతుక్కుంటూ ఉంటాం. అడిగితే వెంటపడుతున్నట్టు ఉంటుందేమో, అడక్కపోతే మర్చిపోతారేమో. ఈ టెన్షన్‌లో కొందరు రోజూ మెయిల్ పెడతారు, కొందరు అసలు నోరు విప్పరు.

నేను ఈ బల్లకి రెండు వైపులా కూర్చున్నాను. ఉద్యోగం కోసం నెలల తరబడి ఎదురుచూశాను. తర్వాత కొన్నేళ్లు ప్యానెల్‌లో కూర్చుని ఇంటర్వ్యూలు చేశాను. రెండో వైపు కూర్చున్నాక గానీ ఒక సంగతి నాకు అర్థం కాలేదు. కంపెనీ మౌనానికి మనం ఇంట్లో కూర్చుని చెప్పుకునే అర్థాలు చాలావరకు తప్పు. నచ్చినవాళ్ల విషయంలోనూ మౌనమే ఉంటుంది, నచ్చనివాళ్ల విషయంలోనూ మౌనమే ఉంటుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఫాలో-అప్ ఎలా చేయాలో తెలియాలంటే, ముందు ఆ మౌనం ఎలా తయారవుతుందో తెలియాలి.

తలుపు మూసుకున్నాక

ఇంటర్వ్యూ చేసిన ప్రతి ఒక్కరూ ఫీడ్‌బ్యాక్ రాయాలి. పెద్ద కంపెనీల్లో దీనికి ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. చిన్నచోట్ల ఒక ఎక్సెల్ షీటో, మెయిలో సరిపోతుంది. ముగ్గురు ఇంటర్వ్యూ చేస్తే ఇద్దరు ఆ సాయంత్రమే రాస్తారు, మూడో ఆయన పని మీద ఊరెళ్తాడు. ఆయన రాసేదాకా హెచ్‌ఆర్ ముందుకు కదలదు. ఆలోపు మిగతా అభ్యర్థుల ఇంటర్వ్యూలు జరుగుతుంటాయి. మీరు మొదటి రోజు వచ్చినవాళ్లైతే, ఆఖరి రోజు వచ్చే మనిషి కోసం మీరూ ఆగాల్సిందే.

అందరూ సరేనన్నాక డబ్బు సంగతి వస్తుంది. ఆ పోస్టుకి అనుకున్న జీతం ఎంత, మీరు అడిగింది ఎంత, ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లకి ఎంత ఇస్తున్నారు, ఇవన్నీ సరిపోలాలి. తేడా ఉంటే పైవాళ్ల అప్రూవల్ కావాలి. ఆ పైవాళ్లు సెలవులో ఉండొచ్చు. మధ్యలో ఖర్చులు తగ్గించమని ఆర్డర్ వస్తే పొజిషన్ ఫ్రీజ్ అవుతుంది. అంటే మీరు నచ్చారు, కానీ ప్రస్తుతానికి ఆ కుర్చీయే లేదు. ఒక్కోసారి అదే ఆఫీసులో వేరే విభాగం వ్యక్తి ఆ పోస్టు నాకివ్వండి అని అడుగుతాడు, అక్కడ మళ్లీ కొన్ని రోజులు పోతాయి.

ఇవన్నీ దాటాక అసలు ముడి ఉంది. ఇద్దరు నచ్చారనుకుందాం. ఆఫర్ మొదటి వ్యక్తికి వెళ్తుంది. ఆ వ్యక్తి ఆలోచించుకోవడానికి వారం అడుగుతాడు. జీతం గురించి మాట్లాడతాడు. ఆ సమయమంతా రెండో వ్యక్తిని హెచ్‌ఆర్ హోల్డ్‌లో పెడుతుంది. ఆ రెండో వ్యక్తి మీరైతే, మీకు లేదు అని చెప్పలేరు, ఎందుకంటే మీరు కావలసి రావచ్చు. అవును అనీ చెప్పలేరు, ఎందుకంటే ఉన్నది ఒక్క పోస్టే. ఇంత వివరం మీకు చెప్పడం ఇబ్బంది కాబట్టి "ప్రాసెస్‌లో ఉంది" అంటారు, లేదా ఏమీ అనరు.

గణితంలో ఒక పాత లెక్క ఉంది, సెక్రటరీ ప్రాబ్లమ్ అంటారు. 1960లో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఇలాంటి లెక్కనే ఒక ఆట రూపంలో పాఠకులకి పరిచయం చేశాడు. అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ప్రతి ఒక్కరినీ చూసిన వెంటనే తీసుకోవాలో వద్దో చెప్పెయ్యాలి, వద్దన్నవాళ్లు మళ్లీ దొరకరు. అలాంటప్పుడు అందరిలోకీ మేటిని పట్టుకోవాలంటే, మొదటి 37 శాతం మందిని ఊరికే చూసి వదిలేసి, ఆ తర్వాత వాళ్లందరికంటే మెరుగ్గా కనిపించిన మొదటి వ్యక్తిని తీసుకోవాలని లెక్క తేలుతుంది. అందమైన లెక్క. కానీ నిజమైన ఆఫీసులో ఆ షరతు ఉండదు. వద్దని చెప్పనక్కర్లేదు. ఎవరినైనా హోల్డ్‌లో ఉంచి, మూడు వారాల తర్వాత వెనక్కి వచ్చి పిలవచ్చు. అభ్యర్థి ఎక్కడికీ పోడని నమ్మకం ఉన్నంతకాలం ఆగడం వల్ల కంపెనీకి నష్టం లేదు. ఆ ఆగడం తాలూకు భారమంతా మన మీదే పడుతుంది.

నా దృష్టిలో ఫాలో-అప్‌కి ఉన్న పని ఇక్కడే తేలుతుంది. బతిమాలడానికో గుర్తు చేయడానికో రాసే మెయిల్‌కి పెద్ద బలం ఉండదు. అవతలివాళ్లు నిర్ణయం తీసుకోవడానికి పనికొచ్చే కొత్త సమాచారమో, ఒక తేదీయో ఇచ్చే మెయిల్‌కి బలం ఉంటుంది. మెయిల్ పంపే ముందు నన్ను నేను అడుగుకునేది ఒక్కటే: ఇది చదివాక వాళ్లకి ఇంతకుముందు తెలియనిది ఏదైనా తెలుస్తుందా?

గదిలోంచి లేచే ముందే

ఫాలో-అప్‌లో సగం పని ఇంటర్వ్యూ ఆఖరి రెండు నిమిషాల్లో అయిపోవాలి. "మీరేమైనా అడుగుతారా" అంటారు కదా, అప్పుడు. చాలామంది మొహమాటపడి ఏమీ లేదండీ అనేస్తారు. నేనూ మొదట్లో అలాగే అన్నాను. అడగాల్సినవి చిన్న ప్రశ్నలే. దీని తర్వాత ఇంకో రౌండ్ ఉంటుందా? ఎప్పటికల్లా తెలుస్తుంది అనుకోవచ్చు? ఆ రోజు దాటితే ఎవరికి రాయమంటారు?

ఈ మూడో ప్రశ్నను ఎవరూ అడగరు, అన్నిటికంటే ఉపయోగపడేది అదే. "అవసరమైతే నాకు మెయిల్ పెట్టండి" అని హెచ్‌ఆర్ ఆవిడ ఒక్కసారి అన్నాక, తర్వాత మీరు రాసే మెయిల్ వెంటపడటం కింద రాదు. ఆవిడ చెప్పిన మాట ప్రకారం నడుచుకోవడం అవుతుంది. తేదీ కూడా అంతే. పదిహేనుకల్లా చెప్తామన్నారు అంటే పద్నాలుగు దాకా మీరు ప్రశాంతంగా ఉండొచ్చు. తేదీ లేకపోతే మూడో రోజుకే ఆలస్యం అయినట్టు అనిపిస్తుంది.

ఆ రోజే రాసే మెయిల్

ఇంటర్వ్యూ అయిన 24 గంటల్లోపు ఒక చిన్న మెయిల్ పంపడం మంచిది. చాలామంది దీన్ని మర్యాద అనుకుని, నెట్‌లో దొరికిన పాఠాన్ని దించి పంపుతారు. అలాంటివి నాకు చాలా వచ్చాయి. ఒక్కటీ గుర్తులేదు. గుర్తున్నవి రెండు రకాలు. ఆ గదిలో మాట్లాడుకున్న ఒక విషయాన్ని పట్టుకుని రాసినవి ఒకటి. చెప్పిన జవాబులో తప్పుంటే సరిదిద్దుతూ రాసినవి రెండోది.

రెండో రకం గురించి కొంచెం చెప్పాలి. ఒకసారి ఒక అబ్బాయి నేనడిగిన ప్రశ్నకి ధీమాగా తప్పు జవాబు చెప్పాడు. ఆ సాయంత్రం మెయిల్ పెట్టాడు. "మీరడిగిన ఫలానా ప్రశ్నకి నేను చెప్పింది తప్పని ఇంటికొచ్చి చూసుకున్నాక తెలిసింది. సరైన పద్ధతి ఇది" అని నాలుగు వాక్యాలు. నేనింకా ఫీడ్‌బ్యాక్ రాయలేదు. రాసేటప్పుడు ఆ తప్పుతో పాటు ఈ మెయిల్ సంగతీ రాశాను. తప్పు చేసి దాచుకునేవాళ్లకంటే తప్పు తెలిశాక వచ్చి చెప్పే మనిషి పక్కన పనిచేయడం ఎవరికైనా నయం. అదే మెయిల్ వారం తర్వాత వచ్చి ఉంటే పనికొచ్చేది కాదు, అప్పటికి మా అభిప్రాయాలు సిస్టమ్‌లోకి వెళ్లిపోయి ఉండేవి. అందుకే ఆ రోజే అంటున్నాను. అయితే చెప్పిన ప్రతి జవాబునూ సవరించుకుంటూ రెండు పేజీలు రాయకూడదు. ముఖ్యమైనది ఒక్కటి, అంతే.

మామూలు మెయిల్ ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండీ. ఈరోజు అకౌంట్స్ పోస్టు ఇంటర్వ్యూకి సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు. నెలాఖరున బ్రాంచీల నుంచి బిల్లులు ఆలస్యంగా వస్తున్నాయని మీరన్నారు. నేను ఇప్పుడు చేస్తున్న చోట ఇదే ఇబ్బంది ఉండేది, మేం ప్రతి వారం చివర బిల్లులు తెప్పించుకోవడం మొదలుపెట్టాక చాలా తగ్గింది. అవసరమైతే వివరంగా చెప్పగలను. ఈ పని మీద నాకు ఆసక్తి ఇంకా పెరిగింది. పదిహేనుకల్లా చెప్తామన్నారు, ఎదురుచూస్తుంటాను."

ఏ భాషలో రాసినా పొందిక ఇదే. పాత కంపెనీ లెక్కలూ పత్రాలూ జతచేసి పంపడం మాత్రం వద్దు. రేపు మా కాగితాలూ ఇలాగే బయటికి పంపుతాడు అనే అనుమానం వస్తుంది.

తేదీ దాటాక

చెప్పిన తేదీ దాటిన మర్నాడే రాయొద్దు. ఒకటి రెండు పనిరోజులు ఆగండి. తేదీ ఏదీ చెప్పకపోతే ఇంటర్వ్యూ అయ్యాక వారం, పది రోజులు ఆగడం సబబు. ఇవి ఎవరో పెట్టిన రూల్స్ కావు, ఫీడ్‌బ్యాకూ అప్రూవలూ ఎంత నెమ్మదిగా కదులుతాయో చూశాక నేను నమ్మే లెక్కలు.

కొత్తగా మెయిల్ మొదలుపెట్టకుండా, ఇంటర్వ్యూకి పిలిచిన పాత మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒకేసారి ఎన్నో పోస్టులు చూసే రిక్రూటర్‌కి మీ పేరు చూడగానే మీరెవరో గుర్తురాదు. పాత మెయిల్ కిందే ఉంటే మీ పోస్టు, తేదీ, రెజ్యూమె అన్నీ ఆ ఒక్కచోటే దొరుకుతాయి. జవాబు ఇవ్వడానికి పట్టే శ్రమ తగ్గితే జవాబు వచ్చే అవకాశం పెరుగుతుంది.

"నమస్తే అండీ. ఐదో తేదీన అకౌంట్స్ పోస్టు ఇంటర్వ్యూకి వచ్చాను. పదిహేనుకల్లా సమాచారం ఇస్తామన్నారు. ఇంకా నిర్ణయం కాకపోతే ఫర్వాలేదు, ఎప్పటికి తెలియవచ్చో చెప్పగలరా? నా నుంచి ఇంకేమైనా కాగితాలు కావాలంటే పంపుతాను."

ఇందులో అడిగింది నిర్ణయం గురించి కాదని గమనించండి. నేను సెలెక్ట్ అయ్యానా అని అడిగితే హెచ్‌ఆర్ దగ్గర జవాబు ఉండదు, లేని జవాబుకి మెయిల్ రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు, పక్కన పెట్టేస్తారు. ఎప్పటికి తెలుస్తుంది అని అడిగితే వచ్చే వారం అని ఒక్క ముక్క రాసి పంపగలరు.

దీనికీ జవాబు రాకపోతే ఇంకో వారం ఆగి మరొకటి. అప్పటికీ ఏమీ లేకపోతే చివరిగా ఒకటి: "మీరు వేరే వారితో ముందుకు వెళ్లి ఉంటారని అనుకుంటున్నాను. ముందుముందు సరిపోయే పోస్టు ఉంటే సంతోషంగా మాట్లాడతాను." ఆ తర్వాత ఆపెయ్యాలి. మూడు మెయిళ్లకి కదలనివాళ్లు నాలుగో దానికి కదలడం నేను చూడలేదు. ఇలాంటిచోట తప్పు మీదని అనుకోకండి. పిలిచి, గంటసేపు కూర్చోబెట్టి, ఒక్క వాక్యం జవాబు ఇవ్వకపోవడం అన్యాయం. అది అలవాటైపోయినంత మాత్రాన న్యాయం అయిపోదు.

ఎవరికి రాయాలి అన్నదాంట్లో చాలామంది పొరబడతారు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్తే కన్సల్టెన్సీకే రాయాలి. మామూలుగా వాళ్లకి ఫీజు వచ్చేది మీరు ఉద్యోగంలో చేరాకే, కాబట్టి మీ తరఫున అడగడం వాళ్లకీ అవసరమే. వాళ్లని దాటి నేరుగా కంపెనీకి రాస్తే ఇద్దరికీ ఇబ్బంది. నేరుగా వెళ్తే హెచ్‌ఆర్‌కి. ప్యానెల్‌లో కూర్చున్న ముగ్గురినీ లింక్డిన్‌లో వెతికి ముగ్గురికీ ఒకే మెసేజ్ పెడితే, వాళ్లు పక్కపక్కనే కూర్చుంటారని గుర్తుంచుకోండి. ఫోన్ చేయమని నంబర్ ఇస్తే తప్ప ఫోన్ వద్దు. సాయంత్రం వాట్సాప్‌లో "సార్, ఏమైనా తెలిసిందా" అని పెట్టడం, చూసి కూడా జవాబు ఇవ్వలేదే అని కుమిలిపోవడం, ఈ రెండూ మీ మనశ్శాంతినే తింటాయి. పనిలో పనిగా స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి. పిలుపు వచ్చి అందులో పడి ఉండటం నాకు తెలిసిన ఇద్దరి విషయంలో జరిగింది.

ప్రభుత్వ ఉద్యోగాల విషయం పూర్తిగా వేరు. అక్కడ నోటిఫికేషన్‌లో ఏం రాసి ఉంటే అదే పద్ధతి. చాలా నోటిఫికేషన్లలో సిఫార్సులకి, పైరవీలకి ప్రయత్నిస్తే అనర్హులని ప్రకటిస్తామని రాసి ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే అయినా బోర్డు సభ్యులకి మెయిల్ రాయడం ప్రమాదం. ఫలితం వచ్చేది వెబ్‌సైట్‌లోనే, అనుమానం ఉంటే నోటిఫికేషన్‌లో ఇచ్చిన హెల్ప్‌లైన్‌నే అడగాలి.

ఇంకో ఆఫర్ చేతిలో ఉన్నప్పుడు

ఇందాకటి లెక్కలో కంపెనీకి ఆగడం ఉచితం అన్నాను కదా. అది మారే సందర్భం ఇదొక్కటే. మీకు వేరేచోట ఆఫర్ వచ్చి, ఫలానా తేదీలోపు చెప్పమన్నారనుకోండి. అప్పుడు ఆగితే మీరు చేజారిపోతారు. ఈ విషయం వాళ్లకి చెప్పడం బెదిరింపు కింద రాదు, వాళ్లకి కావలసిన సమాచారమే. "నాకు మరో ఆఫర్ వచ్చింది, ఇరవైలోపు జవాబు చెప్పాలి. నా మొదటి ఇష్టం మీ దగ్గర చేయడమే. ఈలోపు మీ నిర్ణయం తెలిసే వీలుందా?" ఇంతే రాయండి. నాలుగు వారాలు కదలని ఫైలు ఇలాంటి మెయిల్‌తో రెండు రోజుల్లో కదలడం నేను చూశాను, కదిలించినవాళ్లలో నేనూ ఉన్నాను.

లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పొద్దు. "మంచిదండీ, అందులో చేరండి, ఆల్ ద బెస్ట్" అని వస్తే అక్కడితో రెండు దారులూ మూసుకుపోతాయి. నిజంగా ఉన్నప్పుడు ఆఫర్ ఇచ్చిన కంపెనీని కూడా కొద్ది రోజుల గడువు అడగొచ్చు. మర్యాదగా, తేదీ చెప్పి అడిగితే చాలామంది ఇస్తారు.

ఇక్కడే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఫోన్‌లో "మీరు సెలెక్ట్ అయినట్టే" అన్నారని ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వొద్దు. ఆ మాట అన్నాక కూడా అప్రూవల్ ఆగిపోవచ్చు, పొజిషన్ ఫ్రీజ్ కావచ్చు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చి, అందులో జీతం, చేరే తేదీ, షరతులు చదివాకే నోటీస్ ఇవ్వండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పూర్తైతేనే ఆఫర్ చెల్లుతుందని రాసి ఉంటే, అది ఎప్పటికి అవుతుందో కూడా అడగండి. అలాగే ఎదురుచూసే మనుషుల ఆత్రాన్ని వాడుకునే మోసగాళ్లుంటారు. ఆఫర్ లెటర్ కోసం డిపాజిట్ కట్టాలని, ట్రైనింగ్ ఫీజు పంపాలని మెయిల్ వస్తే అక్కడితో ఆగిపోండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మీ దగ్గర డబ్బు అడగరు.

చట్టాలు ఏమంటున్నాయి

ఈ మౌనం మీద చట్టం చేసినచోటు ఒకటుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి, 25 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు, బహిరంగంగా ప్రకటించిన పోస్టుకి ఇంటర్వ్యూ చేసినవాళ్లకి 45 రోజుల్లోపు నిర్ణయం అయిందో లేదో చెప్పి తీరాలి. ప్రకటించిన పోస్టు నిజంగా ఖాళీగా ఉందో లేదో ప్రకటనలోనే తెలపాలి. 45 రోజులు ఎక్కువే అనిపించవచ్చు, కానీ చెప్పకపోవడం తప్పు అని ఒక ప్రభుత్వం రాసి పెట్టడం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. యూరప్‌లో దారి వేరు. 2018 మే 25న అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద ఒక సంస్థ దగ్గర తన గురించి ఉన్న సమాచారం చూపించమని ఎవరైనా అడగొచ్చు. పరీక్ష రాసిన వ్యక్తి జవాబులూ, వాటి మీద ఎగ్జామినర్ రాసిన వ్యాఖ్యలూ ఆ వ్యక్తి సమాచారమేనని 2017 డిసెంబర్‌లో నొవాక్ కేసులో యూరోపియన్ కోర్టు చెప్పింది. అభ్యర్థి అలా అడిగే వీలుంది కాబట్టి ఇంటర్వ్యూ నోట్స్ రాసేవాళ్లు అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలి.

రాదని తెలిశాక

"ఈసారి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం" అన్న మెయిల్ సాధారణంగా అందరికీ ఒకేలా ఉంటుంది. కారణం చెప్పరు. చెప్పిన కారణం పట్టుకుని వివక్ష చూపారని ఎవరైనా కేసు వేస్తారేమోనన్న భయం దానికి కొంత కారణం, తీరిక లేకపోవడం మిగతాది. అందుకే ఎందుకు తీసుకోలేదని అడిగితే జవాబు రాదు. "వచ్చేసారికి నేను ఏ ఒక్కదాని మీద పని చేస్తే బాగుంటుంది?" అని అడిగితే కొందరు చెప్తారు. చెప్పినదానితో వాదించకూడదు, అంతే.

అడిగినా అడగకపోయినా ఆ మెయిల్‌కి జవాబు ఇవ్వండి. మా దగ్గర ఒకసారి ఒకాయన రెండో స్థానంలో ఆగిపోయాడు. రాలేదని మెయిల్ వెళ్లిన రోజే మూడు వాక్యాల జవాబు పంపాడు. చెప్పినందుకు ధన్యవాదాలు, మీ టీమ్ పని నాకు నచ్చింది, వచ్చే నెల నుంచి నంబర్ మారుతోంది, కొత్తది ఇదీ అని. ఐదు వారాల తర్వాత, చేరాల్సిన రోజున మొదటి అభ్యర్థి రాలేదు, ఫోన్ తీయలేదు. మళ్లీ ప్రకటన ఇచ్చి మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక మాలో ఎవరికీ లేదు. హెచ్‌ఆర్ ఆవిడ రెండో ఆయన రెజ్యూమె తీసి, అందులోని నంబర్‌కి చేస్తే కలవలేదు. అప్పుడు ఆ పాత మెయిల్ వెతికి తీసి, అందులో ఉన్న కొత్త నంబర్‌కి ఫోన్ చేసింది.